పాల యంత్రం లెక్కను సరిచూసేదెవరు?

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ద్రాక్ష తోటలు పోయి ప్లాట్లు వచ్చాయి. పొలాలు పోయి గోదాములు లేచాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఈ ఊళ్ళ పక్కనుంచే సాగిపోతున్నది. అయినా బర్రెలున్న ఇళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. భూమి అమ్ముకున్న కుటుంబానికి సైతం రెండు బర్రెలుంటే పూటపూటకు చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. తరతరాలుగా మాట మీద, ముఖపరిచయం మీద సాగిన ఈ పాల బేరంలోకి ఇప్పుడు యంత్రం దిగింది.

పాల కేంద్రంలో చిన్న గిన్నెడు పాలు యంత్రం కింద పెడితే నిమిషం తిరిగేసరికి వెన్న ఎంత, వెన్న కాని గట్టి పదార్థం ఎంత, కలిసిన నీళ్ళెన్ని అన్నవి అంకెల్లో కనిపిస్తాయి. మనిషి చెవికి వినపడని ధ్వనిని పాలలోంచి పంపి, అది దాటి వచ్చే తీరును బట్టి యంత్రం ఈ లెక్క కడుతుంది. పక్కనే ఉన్న ఎలక్ట్రానిక్ కాటా తూకం చెబుతుంది. రెండూ కలిసి రేటు తేలుతుంది. ఆ లెక్క అక్కడే ఆగక అదే క్షణంలో డెయిరీ ఆఫీసుకు చేరిపోయే ఏర్పాటు కూడా వచ్చింది. చల్లబరిచే ట్యాంకులో పాలు 4 డిగ్రీల వద్ద ఉన్నాయో లేదో పట్నంలో కూర్చున్నవారికి తెలిసిపోతుంది.

యంత్రం వచ్చినందుకు విచారించవలసిన పని లేదు. పాత పద్ధతి ఏమంత గొప్పదని? లాక్టోమీటరు పాల సాంద్రతను మాత్రమే చూపుతుంది. నీళ్ళు కలిపితే అది కిందికి దిగుతుంది, వెన్న తీస్తే పైకి తేలుతుంది. రెండు పనులూ చేసినవాని పాలు నిక్షేపంగా ఉన్నట్లే కనబడతాయి. వెన్న సరిగా తేల్చాలంటే గంధకామ్లం పోసి గాజు గొట్టాలను గిరగిర తిప్పే గెర్బర్ పరీక్ష చేయాలి. దాని ఫలితం తేలేది రైతు ఇంటికి పోయిన తరువాతనే. కేంద్రం వ్రాతగాడు “ఈ పూట వెన్న తగ్గింది” అంటే తగ్గినట్లే లెక్క. అయినవాని పాలు చిక్కబడడం, కానివాని పాలు పలచబడడం పల్లెల్లో ఎవరెరుగని సంగతి?

ఈ తగవు మన ఒక్క చోటిదే కాదు. అమెరికాలో ఒకప్పుడు పాలకు బరువును బట్టి ధర కట్టేవారు. నీళ్ళు కలిపినవాడే బాగుపడేవాడు. 1890లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ బాబ్‌కాక్ వెన్నను తేల్చే సులువైన పరీక్ష కనిపెట్టి, దానిపై పేటెంటు తీసుకోకుండా అందరికీ వదిలేశాడు. అటు తరువాత వెన్నకు ధర వచ్చింది. మన దేశంలో గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాల సంఘాలు 1990ల నుంచే ఎలక్ట్రానిక్ యంత్రాలు పెట్టుకున్నాయి. అయితే ఆ సంఘాలు పాలు పోసేవారివే. యంత్రం ఎవరిదన్న ప్రశ్న అక్కడ రాలేదు. ఇక్కడ వస్తున్నది.

ముందుగా దెబ్బ తగిలేది పాల వ్యాపారికి. పొద్దు పొడవక ముందే ఇంటింటికీ తిరిగి పాలు పట్టుకుని, బండికి క్యాన్లు కట్టుకుని అల్వాల్, సికింద్రాబాదు వాడుకలకు చేర్చే మనిషి ఇతడు. పాలు వేలికి అంటే తీరును బట్టి, కాచినప్పుడు వచ్చే వాసనను బట్టి మంచిచెడ్డలు చెప్పగలడు. ఇతని కొలతలో మోసం ఉండేదా అంటే, ఉండేది. రేటు తక్కువా అంటే, తక్కువే. కాని బర్రె కొనడానికి అడ్వాన్సు ఇచ్చినవాడు ఇతడే. పిల్ల పెళ్ళికి, బోనాల పండుగకు చేబదులిచ్చి పాల కింద పట్టుకున్నవాడూ ఇతడే. యంత్రం వెన్న శాతం చెబుతుంది గాని చేబదులివ్వదు. వ్యాపారి తప్పుకుంటే ఆ అప్పు ఎక్కడ పుడుతుందో డెయిరీలు ఆలోచించాయా?

దానికి దారి యంత్రంలోనే ఉన్నది. పంట రైతులకిచ్చే కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19లో కేంద్ర ప్రభుత్వం పాడి పశువులున్నవారికి కూడా వర్తింపజేసింది. బ్యాంకు మెట్లెక్కితే ఆదాయానికి ఆధారం అడుగుతారు. ఏడాది పొడుగునా పోసిన పాల లెక్క రైతు చేతిలో ఉంటే అంతకన్నా ఆధారమేమి కావాలి? విచిత్రమేమంటే ఆ లెక్కంతా డెయిరీ వద్ద భద్రంగా ఉంటుంది. ఏ ఇంటి బర్రె వట్టిపోయిందో, ఏ ఇల్లు పాలు తగ్గించిందో వారికి తెలుసు. పాలు పోసిన మనిషికి మాత్రం కొడుకు ఫోనుకు వచ్చే ఇంగ్లీషు మెసేజీయే దిక్కయితే ఎట్లా? అది చదివి చెప్పడానికి ఆ కొడుకు ఇంట్లో ఉండాలి కదా.

ఇక యంత్రం మాట అంతా నిజమేనా? అంకె వెలిగిందంటే నోరెత్తడానికి ఎవరికీ ధైర్యం చాలదు. కాని ఇదీ తప్పులు చేస్తుంది. ఆవు పాలకు, బర్రె పాలకు దీనిలో వేర్వేరు అమరికలుంటాయి. ఒకదాని మీద ఒకటి చూస్తే లెక్క తప్పుతుంది. రోజూ కడగకపోతే లోపల పాలు పేరుకుంటాయి. నురుగుతో ఉన్న పాలు పోసినా, మీగడ తేలిన పాలు కలియబెట్టకుండా పైనుంచి ముంచినా అంకె అటూఇటూ అవుతుంది. రైతు పక్షాన తెలుసుకోవలసినదీ ఒకటున్నది: చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ. వాటిని దుడ్డెకు వదిలి మొదటి పాలు కేంద్రానికి తెస్తే యంత్రం తక్కువే చూపుతుంది. అది యంత్రం తప్పు కాదు. బర్రెకు మాత్రం ఈ గొడవలేవీ పట్టవు. గడ్డి మేసిన బీళ్ళు వెంచర్లయిపోతే పాలు తగ్గించడమే దానికి తెలిసిన లెక్క.

రోజుకు 10 లీటర్లు పోసే ఇంటికి లీటరు మీద రూపాయి తేడా పడితే నెలకు 300 రూపాయలు గల్లంతవుతాయి. ఆ తేడా యంత్రం అమరికలో పుట్టిందో, పాలలో పుట్టిందో రైతు కనిపెట్టలేడు. 2009 నాటి తూనికలు కొలతల చట్టం ప్రకారం కిరాణా కొట్టు కాటాను అధికారులు గడువు ప్రకారం తనిఖీ చేసి ముద్ర వేస్తారు. వెన్న శాతం మీద పైకం తేలే పాల యంత్రాన్ని కూడా అంత కట్టుదిట్టంగా చూడడం న్యాయం. అధికారులు వచ్చేదాకా ఆగనవసరం లేదు. నెలకొకసారి నలుగురు రైతుల ఎదుట అవే పాలకు గెర్బర్ పరీక్ష చేసి, యంత్రం అంకెతో పోల్చి, ఆ రెండు అంకెలూ కేంద్రం గోడ మీద సుద్దతో వ్రాయవచ్చు. విజయ డెయిరీ కావచ్చు, ప్రైవేటు డెయిరీ కావచ్చు, ఈ ఖర్చు మోయలేనివారెవరూ లేరు.

పూటపూటకు తెలుగులో అచ్చు వేసిన చీటీ, దానిపై పాలు, వెన్న, రేటు, పైకం. నెలాఖరున డెయిరీ ముద్రతో మొత్తం లెక్క రైతుకు ఇవ్వాలి. ఊరి వ్యాపారిని పొమ్మనడం కంటే, యంత్రం కొనుక్కోవడానికి అతనికీ అప్పిప్పించి, అవే చీటీలు అతని చేత ఇప్పిస్తే మంచిది. పట్నంలో అతనికి పాత వాడుకలున్నాయి, ఇక్కడ అతడెరిగిన గడపలున్నాయి. వచ్చే ఎండాకాలం పాలు తగ్గి బేరాలు బిగిసేలోగా మండల పశువైద్య సిబ్బంది, తూనికల శాఖ అధికారులు ఒక్కరోజు తీరిక చేసుకుని మేడ్చల్, శామీర్‌పేట కేంద్రాలు తిరిగి చూస్తే ఏ యంత్రం ఏమి చెబుతున్నదో బయటపడుతుంది.