ఊరికే వచ్చే అందం!

ఊరికే వస్తే ఫినాయిలు కూడా తాగేస్తాడని మనవాళ్లు వెక్కిరిస్తారు గానీ, ఊరికే వచ్చిన క్రీము మొహానికి పూసుకునేవాళ్లని ఎవరూ ఏమీ అనరు. పైగా "ఎక్కడిస్తున్నారే?" అని పరుగెడతారు!

మొన్నామధ్య ఉప్పల్లో మ్యాట్నీ వదిలాక బయటికొస్తుంటే, మెట్ల దగ్గర బల్ల వేసుకుని ఇద్దరమ్మాయిలు దారినపోయే ఆడపిల్లల చేతుల్లో చిట్టి సాషేలు పెడుతున్నారు. "ఫారిన్ సరుకండీ, వారంలో కలరొస్తుంది!" నాకూ ఒకటిచ్చారు. (నా మొహం చూసి జాలేసిందేమో!) ముందువైపు పాలరాతి బొమ్మలాంటి పిల్ల. వెనకవైపు నాకు తెలియని లిపి. దిగుమతి చేసినవాళ్ల పేరు లేదు, నెంబరూ లేదు. ఆ అమ్మాయిల్నేమనగలం? పాపం, రోజు కూలికి నిలబడ్డవాళ్లు.

ఎన్టీఆర్ గారి రామకృష్ణా స్టూడియో వెలసిన నాచారం పక్కనే వుంది. మేకప్ అంటే ఈ చుట్టుపక్కల కుర్రకారుకి కొత్తేం కాదు. కానీ తెరమీది తెలుపు లైట్లదీ ప్యాన్‌కేక్‌దీనూ. ప్యాకప్ చెప్పగానే కడిగేస్తారు. రాత్రంతా వుంచుకునే క్రీము సంగతి వేరు.

వారంలో రంగు తెప్పిస్తామనే క్రీముల్లో కొన్నిటిలో పాదరసం వుంటుంది. అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ని అడ్డుకుంటుంది, అక్కడితో ఆగక లోపలికింకి మూత్రపిండాల్ని పట్టుకుంటుంది. 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా కేరళలోని కొట్టక్కల్‌లో డాక్టర్లు ఒక రకం కిడ్నీ జబ్బు కేసులు 22 చూశారు. వాటిలో 15 అరుదైన కోవకు చెందినవి. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే! క్రీము మానేశాక చాలామందికి నయమైంది, అదొక్కటే ఊరట. 2023లో అక్కడి డ్రగ్స్ కంట్రోల్ శాఖ 'ఆపరేషన్ సౌందర్య' పేరుతో షాపులు సోదా చేసింది.

ఉచితానికి చట్టమేమిటంటారా? 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం అమ్మటాన్నే కాదు, పంచటాన్నీ పట్టుకుంటుంది. 2020 నాటి రూల్సు ప్రకారం విదేశీ సరుకు ఇక్కడ రిజిస్టరై వుండాలి. లేబులు మీద ఆ నెంబరూ, రిజిస్ట్రేషను ఎవరి పేర వుందో వారి పేరూ చిరునామా వుండాలి. తిరకాసల్లా ఒకటే. 30 గ్రాముల లోపు క్రీముకి దినుసుల జాబితా వెయ్యక్కర్లేదు. శాంపిలు సాషే ఎప్పుడూ ఆ లోపే కదా! అందులో ఏముందో చెప్పకపోయినా తప్పులేదన్నమాట. కాబట్టి మీరు వెతకాల్సింది ఆ నెంబరూ, ఆ పేరే. అవి లేకపోతే అది దుబాయ్ బాబాయి తెచ్చినదైనా సరే, డ్రాయరులోనే వుండనివ్వండి.

ముంజేతి మీద రాసి చూస్తామంటారు కొందరు. మంటా, దద్దురూ అయితే తెలుస్తాయి. పాదరసం అలా బయటపడదు. "వెండి, బంగారు నగలకు తగలనివ్వకండి" అని రాసి వుంటే మాత్రం అనుమానించండి. పాదరసానికి బంగారమంటే మహా ఇష్టం, ఇట్టే అంటుకుంటుంది.

ఇప్పటికే వాడుతున్నారా? మానెయ్యండి. పాదాలు వాచినా, మూత్రం నురగలు కట్టినా డాక్టరుకి ఆ డబ్బా కూడా చూపించండి. ఎవరైనా ఇలాంటివి పంచుతూ కనబడితే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వారి ఉచిత ఫోను 1800-599-6969. ఈ ఉచితం మాత్రం వాడుకోవచ్చు.