బ్యాంక్ యాప్‌లో తిరిగే ఆ చక్రం: మెయిన్‌ఫ్రేమ్‌ని పీకేయాలా, కలుపుకోవాలా?

కొత్త ఫోన్ చేతికి రాగానే యాప్స్ ఎంత ఫాస్ట్‌గా ఓపెన్ అవుతున్నాయో స్టాప్‌వాచ్ పెట్టి మరీ చూస్తాం. బ్యాంక్ యాప్ దగ్గర మాత్రం ఆ లెక్క సగమే. యాప్ తెరుచుకున్నాక బ్యాలెన్స్ కోసం తిరిగే చక్రం మీ ప్రాసెసర్ మాట వినదు. అమెరికా, యూరప్‌లలో చాలా పెద్ద బ్యాంకులకు ఆ జవాబు ఇప్పటికీ మెయిన్‌ఫ్రేమ్ నుంచే రావాలి.

"ఇంకా ఆ పాత డబ్బాలేంటి, క్లౌడ్‌కి మారిపోవచ్చుగా?" అంటారా? నేనూ ఒకప్పుడు అదే అన్నాను. కానీ పాతబడింది మెషీన్ కాదు. ఐబీఎం 1964లో సిస్టమ్/360ని ప్రకటించింది, అదే వంశంలో జడ్17 వచ్చింది 2025లో. పాతవి దాని మీద నడిచే కోబాల్ ప్రోగ్రాములు. వాటిలో దశాబ్దాల వడ్డీ లెక్కలు, రూల్స్, మినహాయింపులు ఉన్నాయి. చాలాచోట్ల వాటికి వేరే డాక్యుమెంట్ ఉండదు, ఆ కోడే డాక్యుమెంట్.

అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏమవుతుందో 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ చూపించింది. లాయిడ్స్ సిస్టమ్ నుంచి కొత్త ప్లాట్‌ఫామ్‌కి ఒక్క వారాంతంలో మారింది. డేటా చేరింది గానీ సర్వీసులు కుప్పకూలాయి. జనం తమ డబ్బు తామే చూసుకోలేకపోయారు. 2022లో రెగ్యులేటర్లు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశారు.

అందుకే నా ఓటు వంతెనకి. అయితే ఎలాంటి వంతెన అన్నదే అసలు ప్రశ్న.

అన్నిటికన్నా నాసిరకం స్క్రీన్ స్క్రేపింగ్. 3270 టెర్మినల్ తెర మీద ఫలానా వరుసలో ఉన్న అక్షరాలను ఏరుకుని యాప్‌కి పంపడం. అక్కడ ఒక్క ఫీల్డ్ జరిగితే చాలు, ఇక్కడ యాప్ తప్పు చూపిస్తుంది.

ఫైల్ కాపీ చేసుకోవడం కూడా అనిపించినంత ఈజీ కాదు. మన సర్వర్లలో 'ఏ' అక్షరం ఆస్కీ ప్రకారం 65, మెయిన్‌ఫ్రేమ్ వాడే ఎబ్‌సిడిక్‌లో 193. సరే, మొత్తం ఫైల్‌ని కన్వర్ట్ చేసేద్దాం అంటే పేర్లు బాగానే వస్తాయి, డబ్బు చెడుతుంది. ఎందుకంటే అంకెలు చాలాసార్లు ప్యాక్డ్ డెసిమల్‌లో ఉంటాయి, బైటుకి రెండేసి అంకెలు. 125.50 అక్కడ 3 బైట్లలో సరిపోతుంది. పైగా దశాంశ బిందువు డేటాలో ఉండదు, కాపీబుక్ అనే నిర్వచనంలో ఉంటుంది. అది చదవకపోతే 125.50 డాలర్లు కాస్తా 12,550 అయిపోతాయి!

నాకు నచ్చే పద్ధతి ఇది. డబ్బు కదిలే పని ఏదైనా ఏపీఐ ద్వారా నేరుగా మెయిన్‌ఫ్రేమ్‌లోని అసలు ప్రోగ్రామ్‌కే వెళ్లాలి. జడ్/ఓఎస్ కనెక్ట్ లాంటివి సిక్స్ ప్రోగ్రాములను రెస్ట్ ఏపీఐలుగా చూపిస్తాయి, యాప్ డెవలపర్‌కి జేసన్ తెలిస్తే చాలు. రోజుకి పదిసార్లు స్టేట్‌మెంట్ తెరిచి చూసే మనలాంటి వాళ్ల కోసం మాత్రం, మార్పులను ఎప్పటికప్పుడు కాఫ్కా మీదుగా బయటి డేటాబేస్‌కి పంపాలి. అది కొన్ని క్షణాలు వెనకబడొచ్చు. కాబట్టి 'ఏ సమయానికి ఉన్న బ్యాలెన్స్' అన్నది యాప్ తెర మీద రాసి తీరాలి. రాయకపోవడం నా దృష్టిలో మోసంతో సమానం.

వై2కే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కిన మనవాళ్లు ఎందరో. వాళ్లు ఇప్పుడు రిటైర్మెంట్‌కి దగ్గరపడుతున్నారు. కాపీబుక్‌నీ కాఫ్కానీ రెండింటినీ చదవగలిగే వాళ్లు తక్కువ. వీఎస్ కోడ్‌లో జోవీ ఎక్స్‌ప్లోరర్ వేసుకుంటే మెయిన్‌ఫ్రేమ్ ఫైళ్లు మామూలు ఫోల్డర్లలాగే కనిపిస్తాయి, నల్ల తెరకి భయపడాల్సిన పనిలేదు. తర్వాతి ఫోన్ ఏది కొనాలో ఆలోచించే టైమ్‌లో ఓ గంట దీనికీ ఇచ్చి చూడండి. ఆ చక్రం ఎందుకు తిరుగుతోందో మీకే అర్థమవుతుంది.