సీసా మీద పుట్టుక, వయసు రాయాలి

(మా గ్రామీణ విలేఖరి)

పీర్జాదిగూడ: మన రాష్ట్రంలోనూ మాల్ట్ విస్కీ కాస్తారన్న మాట ఉప్పల్ చౌరస్తా నుంచి మేడిపల్లి దాకా టీ కొట్ల దగ్గర వినిపిస్తున్నది. ఉమ్మడి పాలమూరు జిల్లా రంగాపూర్‌లో డిస్టిలరీ ఉన్న అలైడ్ బ్లెండర్స్ అండ్ డిస్టిలర్స్ కంపెనీ అక్కడే సింగిల్ మాల్ట్ తయారీకి పూనుకున్నట్లు ప్రకటించిన సంగతి విదితమే. కాసిన సరుకును ఆ రోజే సీసాల్లో పోసి అమ్ముకోక ఏళ్ల తరబడి పీపాల్లో దాచడం దేనికని మనవాళ్ల సందేహం. అడగవలసిన ప్రశ్నే.

బార్లీ గింజలను మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి చేసి, పులియబెట్టి రాగి బట్టీల్లో రెండుసార్లు కాస్తే దిగేది నీళ్లలా తెల్లగా ఉంటుంది. నూటికి 60, 70 పాళ్లు ఆల్కహాలే. ఉన్నదున్నట్లు నాలుక మీద వేసుకుంటే మంట తప్ప మరేమీ తెలియదు. నీళ్లు కలిపి చూస్తే మొలకల వాసన, పులిసిన అంబలి వాసన, కాస్త మాగిన పండు వాసన తగులుతాయి. కొత్త డిస్టిలరీల్లో అనుభవజ్ఞులు ఈ పచ్చి సారానే ముందుగా రుచి చూస్తారు. పచ్చిగా ఉన్నప్పుడే కంపు కొట్టేదాన్ని ఏ పీపా కూడా పూర్తిగా బాగుచేయలేదు.

ఈ విద్య మనకు కొత్త కాదు. ఆదిలాబాద్ గూడేల్లో ఇప్పపువ్వు సారా కాసే ముసలమ్మలకు ఏ ధార మంచిదో, ఏది కాదో ముక్కుతోనే తెలుస్తుంది. తొలి ధారలో ఘాటు, చెరుపు చేసే గుణం ఎక్కువ. ఆఖరి ధారలో కంపు. నడిమి ధారే సారా. విస్కీ కాసేవాళ్లదీ ఇదే లెక్క. గుడుంబా వ్యాపారి మాత్రం ఏ ధారనూ పారబోయడు, ఒక్కో చుక్కా ఆయనకు పైసలే మరి!

ఇక పీపా సంగతి. లోపల కాల్చిన ఓక్ చెక్క పీపాలో పోసి ఉంచితే, ఎండకు సారా చెక్కలోకి ఇంకుతుంది, చలికి బయటికి వస్తుంది. ఆ రాకపోకల్లోనే రంగు, తీపి వాసన పడతాయి, పచ్చిదనం తగ్గుతుంది. స్కాట్లాండ్ చట్టం ప్రకారం మూడేళ్లు పీపాలో ఉండనిది స్కాచ్ విస్కీ కాదు. అక్కడ చలి కాబట్టి ఏటా నూటికి రెండు పాళ్ల వరకు ఆవిరవుతుంది. బెంగుళూరులో 10 నుంచి 12 పాళ్లు పోతుందని అక్కడి తయారీదారులు చెబుతారు. 200 లీటర్లు పోసి ఏటా పదో వంతు పోయిందనుకుంటే అయిదేళ్లకు మిగిలేది 118 లీటర్లు. మే నెలలో పాలమూరు ఎండ ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. అయితే ఆ వేడిలోనే సరుకు త్వరగా మాగుతుంది. బెంగుళూరు అమృత్ కంపెనీ ఈ సంగతి కనిపెట్టి, తన సింగిల్ మాల్ట్‌ను 2004లో ఏకంగా స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలోనే విడుదల చేసి మెప్పు పొందింది. గోవా నుంచి పాల్ జాన్ 2012లో వచ్చింది.

ఇదంతా పెద్దల గ్లాసుల ముచ్చట. మనవాడు కూలి డబ్బులతో కొనే క్వార్టర్ మాటేమిటి? మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే చౌక సరుకులో చాలాభాగం చెరకు మడ్డి నుంచో, నూకల నుంచో తీసిన స్పిరిట్. దానికి నీళ్లు, కాల్చిన చక్కెర రంగు, వాసన ద్రవ్యం కలుస్తాయి. కొన్నింటిలో కొద్దిగా మాల్ట్ కూడా ఉంటుంది. మడ్డి స్పిరిట్‌తో చేసినదాన్ని విస్కీ పేరుతో యూరప్‌లో అమ్మనివ్వరు. మన దగ్గర దర్జాగా సాగుతున్నది. అది విషమని నేననను. కాని పీపా ముఖం చూడని సరుకుకు పీపా రంగు పూసి అమ్మడం ఏపాటి న్యాయం? మద్యం హానికరమని రాయించిన ప్రభుత్వం, ఇది దేనితో కాశారో, ఎన్ని నెలలు మాగిందో కూడా పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించాలి. ధరలో అధికభాగం పన్నుగా ఖజానాకే పోతున్నప్పుడు ఆ మాత్రం అడిగే హక్కు కొనేవాడికి లేదా?

కల్లు లెక్క దీనికి తలకిందులు. దానికి తాజాదనమే రుచి. తెల్లవారకముందు దించిన నీరా ఎండెక్కేసరికి పులవడం మొదలవుతుంది, మరునాటికి పుల్లబడుతుంది. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు 2004లో మూతపడి 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. దుకాణాలైతే వచ్చాయి గాని చెట్లేవి? మన పక్కనే తాళ్లు కొట్టేసి ప్లాట్లు చేశారు. చెట్టు లేని చోట సీసాల కొద్దీ కల్లు ఎట్లా వస్తుందో అందరికీ తెలుసు. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రజోలాం! 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. అట్లాంటి రోజుల్లో నాలుగు దుకాణాలకు తాళాలు వేసి చేతులు దులుపుకోవడం శోచనీయం. నమూనాలు ప్రతి నెలా తీయాలి, ఫలితం దుకాణం గోడ మీదే అంటించాలి.

డిస్టిలరీ ఊరికి వస్తే రైతు నూకలకు, మొక్కజొన్నకు గిరాకీ వస్తుందని చెబుతారు. కొంత నిజమే. కాని మాల్ట్‌కు కావలసిన బార్లీ మన పంట కాదు, రాజస్థాన్ వంటి ఉత్తరాది రాష్ట్రాలది. మడ్డితో కాసేచోట లీటరు స్పిరిట్‌కు సుమారు పది లీటర్ల మురుగు మిగులుతుంది, దాని కంపు ఊళ్లు దాటుతుంది. నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని రోడ్డెక్కింది తాగుడు మీద కోపంతో కాదు, నీళ్ల మీద, గాలి మీద భయంతో. 2024 నవంబరులో దిలావర్‌పూర్ ఆందోళన తర్వాతే అక్కడ పనులు ఆగాయి. మూసీ పక్కన బతికే మనకు మురుగు సంగతి ఒకరు చెప్పాలా?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కదిలితే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యం దుకాణాలు తిరిగి వచ్చాయి. ఆ నిషేధం మళ్లీ వస్తుందని నాకు నమ్మకం లేదు. కొత్త బట్టీలకు అనుమతులిచ్చేటప్పుడు నీళ్లు ఏ బోరు నుంచి తోడతారో, మురుగు ఎటు పోతుందో ముందుగా గ్రామసభలో చదివి వినిపించాలి. ఆడవాళ్లు కూర్చున్న గ్రామసభలో.