కలుపు ఎవనికి కలుపు?

డిచ్‌పల్లి నుంచి బోధన్ దాకా ఏ చేన్ల చూసినా నడుము వంచి కలుపు తీసేది మన ఆడోళ్లే. ఏది కలుపో తేల్చేది మాత్రం పటేలు. పనికిరాని మొక్కను కలుపు అంటరు. ఎవనికి పనికిరాదు?

గంగవాయిలి, పొన్నగంటి, దొగ్గలి పటేలుకు కలుపు, మనకు కూర. పొద్దంతా తీసిన తల్లి కొంగున కట్టుకొచ్చి వండితేనే పిల్లలు తింటరు. జొన్నచేన్ల గునుగు కలుపే. బతుకమ్మనాడు అదే పువ్వును పేర్చి మొక్కుతరు. మొక్క మారలేదు, అక్కెర మారింది.

కలుపు పైరు బలం గుంజుతదని మనకు తెల్వదా? తెలుసు, తీసేది మనమే. మేమడిగేది వేరు. చెరుకు కొట్టనీకి కావల్సిన మనం గుడి కాడ, కుర్చీ కాడ కలుపు ఎట్లయినం? రిజర్వేషన్ల సీటొచ్చిన పిల్లను "పంటల కలుపు" అన్న పంతుళ్ల మాట మేం చెవులార విన్నం. ఏది పైరో, ఏది కలుపో రాసింది ప్రకృతి కాదు, పట్టా ఉన్నోడు.

ఇప్పుడు కలుపుమందు వచ్చింది. 2,4-డి వెడల్పాకు మొక్కలను సంపుతది. గడ్డిజాతివైన వరి, మక్క, చెరుకును ఇడుస్తది. మన కూరలు వెడల్పాకులవే. ఒక్క పిచికారితోటి కూర పాయె, కలుపు కూలి పాయె. డబ్బా మోసేది మల్ల మన వీపే, ముక్కుకు గుడ్డ లేకుంట. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని 2022ల కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆ కాయితాన్ని వాడకు వచ్చి ఎవరు చదివి వినిపించిన్రు?

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ సంఘాల దళిత ఆడోళ్లు విత్తకుండ మొలిచే కూరల పేర్లు, గుణాలు లోకానికి చెప్పిన్రు. 2019ల వాళ్ల సంఘాలకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. చదువురానోళ్లన్న ఆ తల్లులే కలుపు మాటకు అర్థం దిద్దిన్రు.

అన్నలారా, అక్కలారా! ఊరూర కూసోని మూడు మాటలు తేల్చుండ్రి. మందు కొట్టేటోనికి ముక్కుగుడ్డ, చేతితొడుగులు, పై కూలి ఆసామే ఇయ్యాలె. ఒడ్ల మీద, కాలువగట్ల మీద మందు పడొద్దు. బడిల ఏ పిల్లనూ కలుపు అనొద్దు.

తమిళంల కళై, కన్నడంల కళె అనేదే మన పీకే కలుపు. ఇంకో కలుపు ఉన్నది, దాని వేరు వేరే, అక్షరాలు ఒకటే: చెయ్యి చెయ్యి కలుపు. మనల్ని మొదటి మాటతోటి పిలిచెటోనికి రెండో మాటతోటే జవాబు చెప్దాం.

జై భీమ్!