చేప బరువు పది కిలోలు, దారం బలం ముప్పై

1932 జూన్ 2వ తేదీన అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, మాంట్‌గొమరీ సరస్సులో, జార్జ్ పెర్రీ అనే యువకుని గాలానికి ఒక పెద్దనోటి బాస్ చేప చిక్కింది. దాని బరువు 22 పౌన్ల 4 ఔన్సులు. అనగా పది కిలోల పైచిలుకు. 2009 జూలై 2న జపానులోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప దీనికంటె బరువైనదే గాని, తేడా ఒక ఔన్సు కూడా లేదు. పాత రికార్డును దాటాలంటే కనీసం రెండు ఔన్సుల తేడా ఉండాలన్న నియమం ప్రకారం ఇద్దరినీ సమానులుగానే లెక్కించారు. అధికారికంగా నమోదైనంతలో ఈ జాతి చేప ఇంతకు మించి తూగలేదు. మామూలుగా గాలానికి చిక్కేవి ఒకటి రెండు కిలోలవే.

అయినా, ఫ్లారిడాలోని ఒకీచోబీ సరస్సు మీద దట్టమైన నాచులో వేటకు బయలుదేరేవాడు తన రీలుకు 65 పౌన్ల బలం గల అల్లిక దారాన్ని చుట్టుకుంటాడు. అంటే దాదాపు ముప్పై కిలోల లాగుడుకు తట్టుకునే దారం. ఒక్కొక్కప్పుడు 80 పౌన్ల దారమూ వాడతాడు. ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాదా అని చూసేవారికి తోచడం సహజం. అందుకు సమాధానం కావాలంటే ముందు ఆ చేప కాపురముండే చోటును చూడాలి.

బాస్ చేప ఎరను తరుముకుంటూ దూరం పోదు. మన కొర్రమీను వలె, మొక్కల నీడలో కదలక పొంచి ఉండి, దాపులకు వచ్చిన కప్పనో చిరుచేపనో ఒక్క ఉదుటున మింగుతుంది. ఒకీచోబీ అందుకు అనువైన తావు. సుమారు 1,900 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఆ సరస్సు సగటు లోతు మూడు మీటర్లకు లోపే. అంచుల వెంబడి జమ్ము, తుంగ, కలువ తీగలు కోసుల కొద్దీ అల్లుకుని ఉంటాయి. వాటికి తోడు హైడ్రిల్లా అనే నాచు. ఇది మన ప్రాంతపు చెరువులలోనూ కాలువలలోనూ పెరిగేదే. 1950ల తొలినాళ్లలో గాజుతొట్టెల అలంకరణ కోసం చేపల వర్తకులు దీనిని శ్రీలంక నుండి ఫ్లారిడాకు తెప్పించారు. అక్కడినుంచి అది కాలువలలోకి పాకి, సరస్సులను కప్పివేసింది. దక్షిణ అమెరికా నుండి మన కొల్లేటికి వచ్చిన గుర్రపుడెక్క అక్కడికీ వెళ్లింది. ఈ రెండింటినీ తొలగించడానికి అక్కడి ప్రభుత్వం ఏటేటా శ్రమిస్తూనే ఉన్నది. గాలం వేసేవారు మాత్రం, ఆ పందిళ్ల కిందనే పెద్ద చేప ఉంటుందని, వాటిని వెదుక్కుంటూ పోతారు.

అటువంటి చోట గాలం తగిలిన చేప ఏం చేస్తుంది? తల కిందికి పెట్టి కాడల మధ్యకు దూరుతుంది. రెండు చుట్లు తిరిగేసరికి దారం కాడలకు మెలిపడుతుంది. అప్పుడు పైకి వచ్చేది చేప ఒక్కటే కాదు, దాని బరువుకు ఎన్నో రెట్ల తడి నాచు. పైగా వేట జరిగేది దూరాన కాదు. పడవకు మూడు నాలుగు మీటర్ల ఎడంలో, ఎరను మెల్లగా ఒక కంతలోకి జారవిడిచి, చేప అందుకోగానే ఒక్క కుదుపుతో పైకి ఎత్తాలి. ఆలస్యమైతే చేప నాచులో చిక్కుకుపోతుంది. కనుక దారం పొట్టి, కుదుపు గట్టి. ఆ ఒక్క క్షణంలో పడే ఒత్తిడి చేప బరువుకు ఎంతో మించి ఉంటుంది.

ఇక్కడ దారం స్వభావం కూడా లెక్కకు వస్తుంది. 1930లలో అమెరికాలో రూపొందిన నైలాన్, లాగితే సాగుతుంది. ఆ సాగుడు కుదుపును కొంత మింగివేస్తుంది. అల్లిక దారానికి వాడే పదార్థం వేరు. ఇది పాలిథీన్ సంచుల జాతిదే. అయితే దీనిలోని అణుమాలలు మిక్కిలి పొడవైనవి. అవి దారం పొడవునా ఒకే దిక్కుగా బారులు తీరేటట్లు నూలుస్తారు. ఈ నూలు విధానాన్ని డచ్చి శాస్త్రజ్ఞులు 1970ల చివర సాధించగా, 1990ల ఆరంభంలో గాలపు దారంగా అది అంగళ్లకు వచ్చింది. నాలుగు పేటలుగానో ఎనిమిది పేటలుగానో దీనిని జడవలె అల్లుతారు. 65 పౌన్ల అల్లిక దారం మందం ఇంచుమించు 0.4 మిల్లీమీటర్లు. అదే మందంగల నైలాన్ దారం సుమారు 16 పౌన్లు మాత్రమే మోస్తుంది. నీటిని పీల్చదు, నీటిపై తేలుతుంది, లేత కాడలను రంపంలాగా కోసుకుపోతుంది. కాని దాదాపు సాగనే సాగదు. కుదుపంతా ముడి మీద, గాలం మీద, కర్ర మీద సూటిగా పడుతుంది. సాగుడు లేని లోటును అదనపు బలంతో పూడ్చుకోవాలి. అక్కడ కొనే అధిక బలంలో కొంతభాగం దీనికే ఖర్చవుతుంది.

మిగిలిన భాగాన్ని ముడి తింటుంది. ఏ దారానికైనా బలహీనమైన చోటు ముడే. ఈ దారం నునుపు గనుక మామూలు ముడులు జారిపోతాయి. అందుచేత దారాన్ని రెండు పేటలుగా మడిచి గాలపు కంటిలోంచి దూర్చి వేసే పాలొమార్ ముడిని అనుభవజ్ఞులు ఎక్కువగా నమ్ముతారు. రీలుకు మొదట కొంత నైలాన్ దారం చుట్టి ఆపైన దీనిని చుట్టకపోతే, చుట్ట మొత్తం రీలు మీద గిర్రున తిరిగిపోవచ్చు. మరొక చిక్కు కూడా ఉన్నది. 30 పౌన్ల అల్లిక దారం ఏ బాసు చేపకైనా బలంలో సరిపోయేదే. కాని అది మరీ సన్నం. గట్టిగా లాగినప్పుడు చుట్టలోని కింది వరుసల మధ్యకు కోసుకుపోయి ఇరుక్కుంటుంది, మరుసటి విసురులో తెగుతుంది. కాబట్టి 50 పౌన్లకు పైబడిన దారాన్ని ఎంచడం సగం బలం కోసమైతే, సగం మందం కోసం.

ఈ విషయాలన్నీ కలిపి చూస్తే ఎంపిక కష్టం కాదు. కలువాకుల నడుమ, పలచని జమ్ములో, నడుమ నడుమ నీరు కనబడుతూ ఉంటే 50 పౌన్లు చాలు. విసురు దూరం పోతుంది, ఎర స్వేచ్ఛగా కదులుతుంది. నాచు చాపలా కప్పి ఉండి, దాని మీద రబ్బరు కప్పను లాగుతూ వేటాడేటప్పుడు 65. గుర్రపుడెక్క పందిరిని ముప్పై నుండి అరవై గ్రాముల లోహపు గుండుతో ఛేదించి ఎరను కిందికి దింపవలసి వస్తే 65 లేదా 80. ఇవన్నీ మెత్తని మొక్కల సంగతి. రాళ్లు, ఆల్చిప్పలు, మునిగిన చెట్ల మొద్దులు ఉన్నచోట లెక్క మారుతుంది. బిగువుగా ఉన్న అల్లిక దారం రాతి అంచున ఒరిస్తే పోగులు విడిపోతాయి. కొయ్యలోకి కోసుకుపోయి అక్కడే నిలిచిపోతుంది. అటువంటి తావులలో, అందునా నీరు తేటగా ఉంటే, 20 పౌన్ల పైబడిన మందపు ఫ్లోరోకార్బన్ దారమే మేలని పలువురు ఎంచుకుంటారు.

మరి 80 పౌన్లు అన్నిచోట్లా క్షేమం కాదా అంటే, కాదు. దారం తెగకపోతే మరొకటి తెగుతుంది. సన్నని గాలం వంగి నిటారవుతుంది, కర్ర విరుగుతుంది, చేప పెదవి చిరుగుతుంది. గాలం మొద్దుకు పట్టుకున్నప్పుడు దారాన్ని చేతికి చుట్టి లాగినవాని వేళ్లను అది కత్తిలా కోస్తుంది. అటువంటప్పుడు ఒక కొయ్యముక్కకు దారాన్ని చుట్టి, కర్రను పక్కన పెట్టి, మెల్లగా లాగడం క్షేమం. దారం బలాన్ని ఎంచేవాడు దానికి తగిన మందపాటి గాలాన్ని, గట్టి కర్రను కూడా ఎంచుకోవాలి. ఒకదానిని పెంచి మరొకదానిని మరచితే, బలహీనత చోటు మారుతుందే తప్ప పోదు.

అసలు ఆలోచించవలసినది, తెగితే ఎక్కడ తెగాలన్నది. ముడి దగ్గర తెగితే చేప మూతిలో గాలం మాత్రం మిగులుతుంది. దానితో చేప బతికే అవకాశం ఉన్నది. నడుమ తెగితే మీటర్ల కొద్దీ దారాన్ని ఈడ్చుకుంటూ పోయి, నాచు కాడలకు కట్టుబడి, కదలలేక చస్తుంది. కాబట్టి ప్రతి చేప తరువాత ఆఖరి మీటరు దారాన్ని వేళ్ల మధ్య జార్చి చూసి, గరుకు తగిలినంత మేర కోసివేసి ముడి తిరిగి వేయడం ఈ వేటలో మంచి పద్ధతి. రే స్కాట్ 1972లో తన సంస్థ పోటీలలో పట్టిన చేపలను బతికుండగానే నీటిలోకి వదిలే ఆచారం ప్రవేశపెట్టిన నాటినుండి, బాస్ వేటలో నేర్పుకు కొలమానం చేపను చంపడం కాదు, క్షేమంగా వదలడం. బలం చాలని దారంతో గంటసేపు ఆడించి అలసిపోయిన చేపను వదిలినా, అది కోలుకోకపోవచ్చు. తగిన దారంతో త్వరగా తెచ్చి, త్వరగా వదలడం చేపకూ మేలే.

కోసివేసిన ముక్కల సంగతి చివరిది గాని చిన్నది కాదు. ఈ పదార్థం నీటిలో కుళ్లదు. ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కొంగల కాళ్లకు, నీటికాకుల రెక్కలకు, తాబేళ్ల మెడలకు చుట్టుకుంటుంది. ముప్పై కిలోల లాగుడుకు తెగని దారాన్ని ఒక పక్షి తెంచుకోలేదు. అందుకే అనుభవం గల వేటగాని పడవలో ఎరల పెట్టెతో పాటు మూత గల ఒక చిన్న డబ్బా కూడా ఉంటుంది. కోసిన ప్రతి ముక్కా అందులోకి వెళ్లి, సాయంత్రం అతనితోపాటు ఇంటికి చేరుతుంది.