కాలీమాటిలో ఆకుదొప్ప

జంషెడ్‌పూర్‌కు సొంత వంటకం ఏది అని అడిగితే ఆ ఊరివారు క్షణంసేపు తడబడతారు. హైదరాబాదుకు బిరియాని, మధురకు పేడా ఉన్నట్లుగా ఈ పట్టణం పేరు చెప్పగానే నోరూరించే పదార్థం లేదు. కారణం దాని పుట్టుకలోనే ఉన్నది. 1908లో సాక్చీ అనే పల్లె వద్ద ఉక్కు కర్మాగారానికి పునాదులు తీసేనాటికి అక్కడ పట్టణమన్నదే లేదు. 1912లో మొదటి ఉక్కు దిమ్మ బయటికి వచ్చింది. 1919లో వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఆ ఊరికి జంషెట్జీ టాటా పేరు పెట్టాడు. అంతకు ముందు రైలుస్టేషను పేరు కాలీమాటి, అనగా నల్లమట్టి. అది టాటానగర్ అయినది. పనికోసం నలుదిక్కుల నుంచి వచ్చినవారు తమ తమ పొయ్యిలను కూడా వెంట తెచ్చుకున్నారు. వాల్తేరులో బెంగాల్ నాగపూర్ రైల్వే బండి ఎక్కి, ఖరగ్‌పూర్ మీదుగా చేరిన మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారూ అట్టివారే. బిష్టుపూర్‌లో వారు కట్టుకున్న రామమందిరం నేటికీ ఆంధ్రుల పేరుతోనే ఉన్నది.

ఇట్టి ఊరిలో ఒక ఆదివారమంతా తింటూ తాగుతూ తిరగాలని నలుగురు మిత్రులం నిశ్చయించుకున్నాము. కదమాలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగువాడొకడు. కళాశాలలో పాఠాలు చెప్పే బెంగాలీ ఒకడు. కర్మాగారంలో పనిచేసే సంతాలీ ఒకడు. వారి నడుమ ఇంగ్లీషు చదివి అనువాదాలతో పొట్టపోసుకునే నేను.

ఉదయం కదమాలో తెలుగు మిత్రుని ఇంట మినపరొట్టె. "ఏటి నాయనా, ఒక్క ముక్కతో సరిపెట్టేస్తన్నావేటి?" అని వాళ్ల మామ్మగారు మరొకటి వడ్డించారు. ఆమె చిన్నతనమంతా ఇక్కడే గడిచినా, ఆ మాటలో నాగావళి నీరు ఇంకలేదు. మనుమడు మాత్రం "మామ్మా, చాయ్ బనాయించు" అంటున్నాడు. మధ్యాహ్నానికి పనసపొట్టు కూర ఆవపెట్టి ఉంచుతానన్నదామె. బెంగాలీ మిత్రుడు వెంటనే తమ సర్షే సంగతి ఎత్తాడు. ఒడియావారికి ఇదే ఆవముద్ద బేసర. భాషలు మూడైనా ముక్కులోకెక్కే ఘాటు ఒక్కటే. ఈ తీరమంతా ఆవాలరోలు ఒకటే కావచ్చునని నాకు అనుమానం.

బిష్టుపూర్‌లో భాటియావారి మిల్క్‌షేకు, సాక్చీలో ఫకీరావారి చనాచూర్ ఈ ఊరు విడిచిపోయినవారు కలలోనూ తలచుకునే వస్తువులని విన్నాను. రెండూ రుచి చూశాము. కలలు రావడం న్యాయమే. కానీ నన్ను నిలబెట్టినది సాక్చీ బజారులోని లిట్టి బండి. వేయించిన శనగల పిండిలో వెల్లుల్లి, వాము, పచ్చిమిర్చి, ఆవనూనె కలిపి, గోధుమపిండి ఉండలో కూరి, నిప్పుల మీద కాలుస్తారు. బూడిద దులిపి నేతిలో ముంచి ఇస్తారు. దానికి తోడు చోఖా. కాల్చిన వంకాయ, బంగాళాదుంప, టమాటా కలిపి పిసికినది. మన కాల్చిన వంకాయ పచ్చడికి అది దగ్గర చుట్టం. బీహారు నుంచి కొలిమి పనికి వచ్చినవానికి ఇంతకంటె అనుకూలమైన భోజనం ఉండదు. సత్తు చెడిపోదు, పాత్రలు అక్కరలేదు, రెండు తింటే పొద్దు గుంకేవరకు ఆకలి తలెత్తదు.

మధ్యాహ్నం ఆవకూర తిని, జూబిలీ పార్కులో చెట్టునీడన నడుము వాల్చాము. మైసూరు బృందావనాన్ని తలపించే ఈ తోటను కంపెనీ యాభై ఏండ్ల పండుగకు కానుకగా 1958లో నెహ్రూ ప్రారంభించాడు. అక్కడ సంతాలీ మిత్రుడు నవ్వుతూ అన్నాడు: "పొద్దుటినుంచి ఆంధ్ర తిన్నాం, పంజాబు తాగాం, బీహారు తిన్నాం. మరి ఈ నేల మాటేమిటి?"

ఎవరి వద్దా సమాధానం లేదు. సాయంకాలం అతడే మమ్మల్ని సువర్ణరేఖ మీది మాంగో వంతెన దాటించి, దల్మా కొండల దారి పట్టించాడు. దారి పక్క సంతలో ఒక ముసలామె రెండు కుండలతో కూర్చుని ఉన్నది. ముందు సాలాకు దొప్పలు, ఉడికించిన శనగలు. అమ్మేది హండియా.

హండి అంటే కుండ. కుండపేరే పానీయానికి వచ్చింది. అన్నం వండి, ఆరబోసి, రాను అనే మందుబిళ్లల పొడి కలిపి, కుండలో మూతవేసి ఉంచుతారు. అడవి వేళ్లు, బెరళ్లు బియ్యపు పిండితో నూరి చేసినవి ఆ బిళ్లలు. ఎండకాలమైతే రెండు మూడు రోజులకు, చలికాలమైతే మరికొన్ని రోజులకు అది పులుస్తుంది. అప్పుడు నీళ్లు పోసి వడగడతారు. తెల్లగా, పుల్లగా ఉంటుంది. తెలుగు మిత్రుడు వాసన చూసి, "ఇది మా మామ్మ తరవాణి కదరా!" అన్నాడు. నిజమే. తరవాణి మరికొంత దూరం నడిస్తే ఇక్కడికే చేరుతుంది.

దీనిని తెలుగులో ఏమనాలి? కల్లు అందామంటే అది చెట్టునుంచి దిగేది. సారా అందామంటే అది బట్టీలో కాచేది. ఈ మీమాంస నాకు వృత్తిరీత్యా వచ్చినది గాని, ఆ ముసలామెకు జీవనోపాధి విషయంలో వచ్చినది. 2020లో జార్ఖండ్ ప్రభుత్వం, 1855 నాటి సంతాలీ తిరుగుబాటు వీరవనితలు ఫూలో, ఝానోల పేరిట ఒక పథకం ఆరంభించింది. సంతల్లో 'హండియా-దారూ' అమ్ముకునే స్త్రీలకు వడ్డీలేని అప్పు ఇచ్చి, వేరే వ్యాపారానికి మళ్లించడం దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. తాగి తూలేవారి నడుమ చీకటిదాకా కూర్చోవడం ఏ ఆడదానికీ కోరదగిన బ్రతుకు కాదు. బెంగాలీ మిత్రుడు ఈ వాదాన్నే గట్టిగా వినిపించాడు. నాకు పేచీ ఆ రెండు మాటల నడుమనున్న అడ్డగీతతో. దారూ కొనుక్కుని తాగేది. హండియాను పుట్టుకకు, పెళ్లికి, సొహరాయ్ పండుగకు ఇంట్లో చేసుకుని, ముందు పితరులకు కొన్ని చుక్కలు నేలపై ధారపోసి, తరువాత తాగుతారు. రెండింటినీ ఒక గీతతో కట్టివేసిన గుమాస్తా ఎవరో గాని, అనువాదంలో నేను ఆ గీతను నిలవనివ్వను.

సంతాలీ మిత్రుడు అటూ ఇటూ కాకుండా అన్నాడు: "ఇంట్లో కుండ దేవుళ్లది. రోడ్డుమీది కుండ ఆకలిది. మా అమ్మ రెండూ పెట్టింది. నా చదువు రెండవదానితోనే నడిచింది."

అతని వాదం మీద ఎవరమూ మాట కలపలేదు. ముసలామెను అప్పు తీసుకున్నావా అని అతడే వారి భాషలో అడిగి మాకు చెప్పాడు. తీసుకున్నదట. ఉదయంపూట టీ, మరమరాలు అమ్ముతున్నదట. సంతరోజు మాత్రం టీ అడిగేవారు తక్కువ, అందుకే ఈ కుండలు.

దొప్పకు ఇంతని లెక్కగట్టి ఆమె డబ్బు తీసుకున్నది. చీకటి పడుతున్నది. మరొకటి పోయమని తెలుగు మిత్రుడు దొప్ప చాచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అడుగున మిగిలినది తన దొప్పలోకి వంచుకుని, కొన్ని చుక్కలు నేలమీద విడిచి, తక్కినది తాను తాగి, కుండను బోర్లించింది.