లగామ్ ఉన్న హాకిమే కావాలి

ఎన్నికలొస్తే మన మొహల్లాల్లో ఒకటే మాట. "దమ్మున్న సీఎం రావాలి భాయ్, ఒక్క దస్తఖత్‌తో పనైపోవాలి!" ఇరవై ఏళ్లుగా జల్సాలు, ఇఫ్తార్ దావత్‌లు కవర్ చేస్తున్న సహాఫీగా చెబుతున్నాను. ఒక్క దస్తఖత్‌తో వచ్చింది ఒక్క ఫైసలాతో పోతుంది.

మన రిజర్వేషన్ కహానీయే దీనికి గవాహీ. 2004 జులైలో వైఎస్ రాజశేఖరరెడ్డి హుకూమత్ జీవో 33తో ముస్లింలకు 5 శాతం కోటా ఇచ్చింది. బీసీ కమిషన్‌ను సంప్రదించకుండా ఇచ్చిన ఆ జీవోను సెప్టెంబర్‌లోనే హైకోర్టు కొట్టేసింది. 2005లో కమిషన్ రిపోర్టు తెప్పించి చట్టం చేశారు. తహకీకాత్ సరిగా జరగలేదని నవంబర్‌లో అదీ పోయింది.

మూడోసారి హుకూమత్ తన చేతికి తానే లగామ్ వేసుకుంది. కౌమ్ మొత్తానికి అనకుండా ఖురేషీ, హజామ్, ధోబీ, ఫకీర్ లాంటి వెనుకబడిన బిరాదరీలను గుర్తించింది. సయ్యద్, పఠాన్, మొఘల్‌లను పక్కన పెట్టింది. అప్పటికే 46 శాతం రిజర్వేషన్లు ఉన్నాయి. 5 కలిపితే 50 హద్దు దాటుతుంది కాబట్టి 4 శాతంతో 2007లో బీసీ-ఈ చట్టం తెచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. కానీ మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కోటాను కాపాడింది, అసలు సవాల్‌ను రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది.

అప్పటికి వైఎస్ లేరు. అయినా మన పిల్లల సీట్లు మిగిలాయి. వజీరే ఆలా కామ్యాబీని కొలవాల్సింది ఇక్కడే. ఆయన కుర్చీలో ఉన్నంతకాలం నడిచేది మెహర్బానీ. ఆయన పోయాక కూడా నడిచేది హక్.

దీని పక్కన కేసీఆర్ వాదా పెట్టి చూడండి. 12 శాతం అన్నారు. 2017 ఏప్రిల్‌లో అసెంబ్లీ ప్రత్యేక సమావేశంలో బిల్లు పాసైంది. దాంతో మొత్తం రిజర్వేషన్లు 62 శాతానికి చేరాలి. కానీ రాష్ట్రపతి ఆమోదం రాలేదు. అది రాదేమో అన్న షక్ ఢిల్లీకి పంపేటప్పుడు ఎవరికి లేదు? తాళియాఁ మనం కొట్టాం, 12 మాత్రం కాగితం మీదే మిగిలింది.

"మనకు ఇచ్చేటప్పుడే అదాలత్ అడ్డమొస్తుంది సాబ్" అంటారు. ఆ గుస్సా నాకు అర్థమవుతుంది. కానీ ఆ అడ్డు లేని హాకిమ్ ఎలా ఉంటాడో బుల్డోజర్ల కింద నలిగిన ఇళ్లను అడగండి. ఒకరి మీద ఎఫ్‌ఐఆర్ పడితే అమ్మీ, అబ్బా, బచ్చాలతో సహా రోడ్డున పడ్డారు. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఆ చేతిని పట్టుకుంది. ఎవరు ముజ్రిమో తేల్చేది హుకూమత్ కాదంది. కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలంది. హద్దు మీరిన అఫ్సర్ తన జేబు నుంచే నష్టం కట్టాలంది.

2004లో మన జీవోను ఆపిన ఉసూల్, 2024లో బుల్డోజర్‌ను ఆపిన ఉసూల్ ఒక్కటే. ఇఖ్తియార్ ఎవరి చేతిలో ఉన్నా కానూన్ దాటకూడదు. ఇచ్చేటప్పుడు లగామ్ వద్దని, కూల్చేటప్పుడు కావాలని అనలేం. తక్కువ మంది ఉన్న కౌమ్‌కు దమ్మున్న హాకిమ్ ఒక ఎలక్షన్ వరకే దోస్త్. కానూన్ అతని తర్వాత కూడా ఉంటుంది.

అందుకే ఈసారి ఎవరైనా నెత్తిన టోపీ పెట్టుకుని మన దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుంటే "ఎంత ఇస్తారు?" అని అడగకండి. ఏ కమిషన్ వేస్తారు? ఏ సర్వే చేయిస్తారు? 50 శాతం హద్దుకు మీ జవాబేమిటి? ఈ మూడూ అడగండి. జవాబు లేకపోతే ఖజూర్ పెట్టి, షర్బత్ ఇచ్చి, ఖుదా హాఫిజ్ చెప్పండి. ఓటు మాత్రం దాచుకోండి.